మూడు పంపులు మింగిన పద్మిని

తెలుగులో నిదానం అనే మాట రెండు పనులు చేస్తుంది. వైద్యుడు రోగనిదానం అన్నాడంటే రోగానికి మూలమేదో తేల్చడమని అర్థం. ఇది సంస్కృతం నుంచి వచ్చిన అర్థం. ఇంట్లో బామ్మ "నిదానంగా నడవరా" అన్నదంటే తొందరపడవద్దని అర్థం. ఇది మన వాడుకలో వచ్చింది. ఒక్క మాట ఈ రెండు పనులూ ఎల్లా చేస్తోందండీ అని క్లాసులో పిల్లలు అప్పుడప్పుడు అడుగుతూంటారు. రోగం మూలం పట్టుకోవాలంటే తొందర పనికిరాదు గదా, అందుకని కాబోలు అంటాను నేను. భాషాశాస్త్రం తెలిసినవాళ్ళు ఈ వ్యుత్పత్తిని ఒప్పుకోకపోవచ్చు. పెట్రోలు పంపు మాత్రం ఒప్పుకుంటుంది.

పెట్రోలు పంపు అంటే రోడ్డు పక్కన మనం వరసలో నిలబడే బంకు కాదు సుమండీ. కారు వెనకనున్న టాంకీలోంచి పెట్రోలు లాగి, ముందున్న కార్బొరేటరుకి అందించే చిన్న యంత్రం. పాత కార్లలో ఇంజనుకి పక్కన, అరచేతిలో ఇమిడేటంత ఉంటుంది. మెకానిక్కులు దీన్ని ఏసీ పంపు అంటారు. ఈ ఏసీకీ చల్లగాలికీ ఏమీ చుట్టరికం లేదు. పూర్వం ఆ మార్కు పంపులు విరివిగా వచ్చేవి, పేరు అల్లాగే అతుక్కుపోయింది, వనస్పతికి డాల్డా పేరు అతుక్కున్నట్టు.

పాతకారున్న ఇంటికి వెళ్ళి కాసేపు కూర్చుంటే ఈ పంపు ప్రసక్తి రాక మానదు. "మార్చామండీ, మళ్ళీ పోయింది" అంటారు. మళ్ళీ మార్చామంటారు. మళ్ళీ పోయిందంటారు. మూడోసారికి మెకానిక్కు దొంగ అవుతాడు, నాలుగోసారికి కారు పాత ఇనుపసామాను కొట్టుకు పోతుంది. మా మావయ్యగారి కారు సరిగ్గా ఆ మూడో మజిలీ దాటి నాలుగోదాని గుమ్మంలో ఉండగా జరిగిన సంగతి చెబుతాను.

మావయ్య తెనాలిలో హెడ్మాస్టరు చేసి రిటైరయ్యాడు. ఆయనది 1984 మోడలు పద్మిని. ఫియట్ 1100 కారునే ప్రీమియర్ కంపెనీవారు బొంబాయి కుర్లాలో తయారుచేస్తూ, 1964లో డిలైట్ అని పేరుపెట్టి, 1974 నుంచి పద్మిని అని పిలిచారు. 1089 సీసీల ఇంజను. 2000 ప్రాంతంలో తయారీ ఆగిపోయింది. బొంబాయి వీధుల్లో నలుపూ పసుపూ టాక్సీలుగా ఆఖరివరకూ తిరిగినవి కూడా 2023 అక్టోబరులో సెలవు తీసుకున్నాయి. కాని మన ఊళ్ళలో ఇంకా అక్కడక్కడ ఒక పద్మిని ఏ సందులోనో గుడ్డ కప్పుకుని కూర్చునే ఉంటుంది.

అత్తయ్యకి గుండెజబ్బు. నెలకోసారి గుంటూరు డాక్టరుకి చూపించాలి. "బాడుగ కారులో వెడదాం" అని ఆవిడ అంటే మావయ్యకి పౌరుషం. మొన్న మేనెలలో నాలుగో పంపు బిగించిన మూడోనాడు బయల్దేరారు. నారాకోడూరు దగ్గిర కారు ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నం. అత్తయ్య వేపచెట్టు కింద ముప్పావుగంట కూర్చుంది. హైదరాబాదు నుంచి కొడుకు ఫోనుచేసి, "నాన్నా, ఇంక దాన్ని తూకానికి ఇచ్చెయ్యండి. అమ్మకేమన్నా అయితే?" అన్నాడు. దానికి మావయ్య దగ్గిర జవాబు లేదు. ఆ కోపమంతా వీధిచివర షెడ్డులో పనిచేసే కుర్రవాడి మీదికి మళ్ళింది. వాడు పాత పంపులకి రంగువేసి కొత్తవని అంటగట్టాడని నలుగురిలోనూ అనేశాడు. తెనాల్లో రిటైరయిన హెడ్మాస్టరు ఒక మాట అంటే అది సాయంత్రానికి ఊరంతా తిరిగి వస్తుంది. ఆ కుర్రవాడి షెడ్డుకి అప్పటికే రెండు కార్లు రావడం మానేశాయట.

ఇక్కడ కథ కాసేపు ఆపి పంపు పనితీరు చెప్పాలి. కమ్మరి కొలిమి తిత్తిని తలుచుకోండి. తిత్తి తెరిస్తే గాలి లోపలికి వస్తుంది, మూస్తే అవతలికి పోతుంది, వచ్చిన దారినే పోకుండా ఒక తోలురెక్క అడ్డుపడుతుంది. పంపులోనూ అంతే. తిత్తికి బదులు డయాఫ్రం అనే రబ్బరుగుడ్డ, తోలురెక్కలకి బదులు రెండు చిన్న కవాటాలు. ఇంజనులో క్యామ్‌షాఫ్టు ఒక చుట్టు తిరిగినప్పుడల్లా పంపు మీటని ఒకసారి కదుపుతుంది. మీట డయాఫ్రాన్ని కిందికి లాగితే పెట్రోలు వస్తుంది. కింద ఒక స్ప్రింగు ఉండి దాన్ని పైకి నెడితే కార్బొరేటరుకి పోతుంది. క్యామ్‌షాఫ్టు ఇంజనులో సగం వేగంతో తిరుగుతుంది గనక, ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతూంటే మీట 1500 సార్లు కదులుతుంది. గంటకి 90,000 సార్లు. కార్బొరేటరు నిండుగా ఉన్నప్పుడు డయాఫ్రం కిందనే నిలబడిపోయి మీట ఊరికే ఆడుతుంది. అంటే రబ్బరుకి విశ్రాంతి. పెట్రోలు అందనప్పుడు మాత్రం డయాఫ్రం ప్రతిసారీ పూర్తిగా కిందికీ పైకీ పరుగెత్తాలి. ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి.

మావయ్య బంధువొకరు గుంటూరు నుంచి ఒక ముసలి మేస్త్రిని తీసుకొచ్చారు. డెబ్బై దాటాయి. టాక్సీలన్నీ ఫియట్లూ అంబాసిడర్లూ అయిన రోజులనుంచీ పనిచేస్తున్నవాడు. నేనూ ఆ ఆదివారం అక్కడే ఉన్నాను. వచ్చీరాగానే బానెట్టు ఎత్తుతాడనుకున్నాం. ఎత్తలేదు. కుర్చీ వేయించుకుని కూర్చుని, కాఫీ తాగి, "మాస్టారూ, బయల్దేరాక ఎంతసేపటికి ఆగుద్ది?" అన్నాడు.

"ఇరవై నిమిషాలు, మహా అయితే పాతిక."

"ఆగినప్పుడు మీరేం చేస్తారు?"

"పంపు మీద తడిగుడ్డ వేస్తాం. అరగంటకి స్టార్టవుతుంది."

"ఎండల్లోనేనా, చలికాలం కూడా ఆగిందా?"

మావయ్య కాస్త ఆలోచించాడు. "ధనుర్మాసంలో ఆగిందయ్యా. తెల్లవారుజామున గుడికి వెడుతూంటే. మంచు కురుస్తోంది."

మేస్త్రి తల పంకించి, "అయితే తడిగుడ్డ మిమ్మల్ని మోసం చేసింది" అన్నాడు. తడిగుడ్డతో గొంతుకొయ్యడమనే సామెత మనకి ఊరికే పుట్టలేదనిపించింది నాకు.

తడిగుడ్డ వైద్యం వట్టి అబద్ధమేమీ కాదు. పెట్రోలులో కొన్ని భాగాలు మన వేసవి ఎండకే మరిగిపోయేంత తేలికపాటివి. పంపు లాగేవైపు గొట్టంలో ఒత్తిడి తక్కువ, అక్కడ ఇంకా సులువుగా మరుగుతుంది. ద్రవాన్ని లాగే యంత్రానికి ఆవిరి చిక్కదు. తిరుమల ఘాటు ఎక్కేటప్పుడు, మే నెలలో బెజవాడ ట్రాఫిక్కులో నిలబడి నిలబడి కదిలేటప్పుడు పాతకార్లు బానెట్లెత్తి నిలబడేది ఇందుకే. అప్పుడు తడిగుడ్డ వేస్తే పంపు చల్లబడి, ఆవిరి మళ్ళీ పెట్రోలవుతుంది. కాని మంచుకురిసే తెల్లవారుజామున ఆవిరి ఎక్కడిది? ఆయుర్వేదంలో రోగాన్ని గుర్తించడానికి అయిదు మార్గాలు చెప్పారు. అందులో ఉపశయం ఒకటి. ఏ మందుకి, ఏ ఉపచారానికి రోగం నెమ్మదిస్తుందో చూసి రోగమేదో తేల్చడం. మంచి పద్ధతే. కాని మందు వేసిన సమయంలో ఇంకేం జరిగిందో కూడా చూడాలి. తడిగుడ్డ వేసిన అరగంటలో అరగంట కాలం కూడా గడిచింది గదా!

మేస్త్రి లేచాడు. మొట్టమొదట ఇంజనాయిలు చూసే కడ్డీ బయటికి తీసి వాసన చూశాడు. నాకు ఆశ్చర్యమేసింది. పంపు డయాఫ్రం చిరిగితే పెట్రోలు కిందికి దిగి ఇంజనాయిల్లో కలుస్తుందట. ఆయిలు మట్టం తగ్గవలసింది పోయి పెరుగుతుంది, పలచబడుతుంది, పెట్రోలు వాసన వేస్తుంది. పలచబడిన ఆయిలుతో వంద మైళ్ళు తోలితే బేరింగులు అరిగి, పంపు ఖరీదుకి ఎన్నోరెట్లు ఇంజనుకి పెట్టాలి. అదీగాక ఆవిర్లు చేరితే నిప్పు భయం. "పంపు పోయిందన్న బండికి ముందు ఇది వాసన చూడకుండా తాళంచెవి తిప్పకూడదు బాబూ" అన్నాడు నాతో. ఇప్పటికి వాసన లేదు. బతికిపోయాం.

తరవాత కారు చుట్టూ నడిచి వెనక్కి వెళ్ళాడు. టాంకీ మూత దగ్గిర ఆగాడు. తళతళలాడే మూత, తాళం కూడా ఉంది. "ఇది కంపెనీ మూత కాదే?"

"కాదు. నిరుడు శ్రావణంలో కొన్నాను. ఎవడో రాత్రిళ్ళు పెట్రోలు తీసేస్తున్నాడు" అన్నాడు మావయ్య.

మేస్త్రి ఇంజను స్టార్టు చేయించి, మావయ్యని ఊళ్ళో ఓ చుట్టు తిప్పుకురమ్మన్నాడు. ఇరవై నిమిషాలకి కారు వీధి మొగలో దగ్గుతూ ఆగింది. అందరం పరుగెత్తాం. మేస్త్రి పంపు జోలికి పోలేదు. తాళం తీసి మూత తిప్పాడు. హుస్సుమని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు నాకు రెండు గజాల దూరంలో వినిపించింది. రెండు నిమిషాలు ఆగి తాళం తిప్పితే కారు స్టార్టయింది. తడిగుడ్డ లేదు, ఏమీ లేదు.

గుమ్మంలోంచి చూస్తున్న అత్తయ్య అన్నది: "ఇంతేనా? నూనెడబ్బాకి ఒక్క బెజ్జమే పెడితే నూనె దిగుతుందా? రెండోది పెట్టాలిగా!"

సంగతి అంతే. టాంకీలోంచి పెట్రోలు తగ్గినంత గాలి లోపలికి పోవాలి. అందుకు కంపెనీవాడు మూతలో ఒక సన్నటి దారి పెడతాడు, లేదా టాంకీకి విడిగా ఒక సన్నగొట్టం పెడతాడు. బజార్లో కొన్న ఈ తాళంమూతకి ఆ దారి లేదు. పెట్రోలు పోయేకొద్దీ టాంకీలో గాలి పలచబడి, చివరికి పంపు ఎంత లాగినా రాదు. కారు ఆగిపోయాక మూత అంచుల్లోంచి కొద్దికొద్దిగా గాలి చొరబడుతుంది. అరగంటకి సరిపోతుంది. పేరు తడిగుడ్డకి వస్తుంది.

మరి మూడు పంపులూ ఎందుకు పోయాయి? హెడ్మాస్టరు బుద్ధి ఇక్కడ పనికొచ్చింది. తీసేసిన పంపులన్నీ మావయ్య వార్తాపత్రికలో చుట్టి, పైన తేదీ రాసి, బిస్కట్ల డబ్బాలో దాచాడు. మేస్త్రి ఒక్కొక్కటే విప్పాడు. మొదటిది కారుతోపాటు వచ్చిన పాతది. డయాఫ్రం మడత దగ్గిర చిరిగింది. న్యాయమైన చావు. దాని ఒంటికి కింద ఉండే చిన్న రంధ్రంలోంచి పెట్రోలు కారిన చారలు కూడా ఉన్నాయి. "మాస్టారూ, మీ పెట్రోలు దొంగ వీడే" అన్నాడు మేస్త్రి. చిరిగిన డయాఫ్రంలోంచి పెట్రోలు రోడ్డు మీదికి పోయింది. మావయ్య దొంగ ఉన్నాడనుకున్నాడు. తాళంమూత కొన్నాడు. అదే వారంలో కొత్త పంపూ బిగించారు. దొంగతనం ఆగిపోయింది. ఆగిందిగదా, తాళం గొప్పదనుకున్నాడు.

రెండోది, సంక్రాంతి ముందు తీసినది, చక్కగా ఉంది. లాగేవైపు వేలు మూసి మీట నొక్కితే వేలిని పట్టుకుంది. ఏ పాపం ఎరగనిది. మరి మార్చాక కొన్నాళ్ళు కారు బాగానే నడిచిందే అంటే, కొత్త పంపు బిగించి ఊళ్ళో పది నిమిషాలు తిప్పి చూశారు. ఆగడానికి పాతిక నిమిషాలు కావాలి. మావయ్య వారాల తరబడి బండి బయటికి తియ్యకపోవడం, తీసినా కూరగాయల బజారు దాకా వెళ్ళడం. దూరం వెళ్ళిన రోజునే రోగం బయటపడేది.

మూడోది నిజంగానే చచ్చిపోయింది. కాని దాని చావు వేరు. డయాఫ్రం చిరగలేదు, ఉబ్బి, మెత్తబడి, నానిన అప్పడంలా అయింది. చవకరకం రబ్బరు. దానికి తోడు ఈ రోజుల పెట్రోలు. చెరకు, ధాన్యాలనుంచి తీసే ఇథనాల్ని మనదేశంలో పెట్రోల్లో కలుపుతున్నారు. 2022 జూను నాటికి నూటికి 10 పాళ్ళయింది, 2023లో 20 పాళ్ళ పెట్రోలు అమ్మకం మొదలయింది, 2025కి దేశమంతా దాదాపు ఆ మట్టానికి చేరింది. దిగుమతి ఖర్చు తగ్గిస్తుందనీ, రైతుకి లాభమనీ ప్రభుత్వం చెప్పే కారణాలు. వాటితో నాకిప్పుడు పేచీ లేదు. కాని 1984లో తయారైన రబ్బరుకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇథనాలు తగిలితే కొన్ని పాతరకం రబ్బర్లు ఉబ్బుతాయి, కొన్ని బిరుసెక్కి పగులుతాయి. అదిగాక అది నీటిని పీలుస్తుంది, పాత టాంకీ అడుగున ఏళ్ళతరబడి పేరుకున్న జిగురుని కదిపి తెస్తుంది. వాడకుండా నెలలకొద్దీ అడుగున కాస్త పెట్రోలుతో నిలబెట్టే కారులో టాంకీ తుప్పుపడుతుంది. ఇక పాపం ఆ మూడో పంపు సంగతి చూడండి. ముందు చెప్పినట్టు, పెట్రోలు అందనప్పుడల్లా విశ్రాంతి లేకుండా పూర్తి పరుగు. పైన ఉబ్బిపోయిన రబ్బరు. నాలుగు నెలలు బతకడమే గొప్ప.

మేస్త్రి అంతటితో తృప్తిపడలేదు. ఒకచోట నేరం దొరికిందని మిగతావి వదలకూడదన్నాడు. పంపుకి వచ్చే గొట్టం ఊడదీసి, పక్కన ఎత్తుగా పెట్టిన డబ్బాలోంచి పెట్రోలు అందించి ఇంజను నడిపాడు. అరగంట చెక్కుచెదరకుండా నడిచింది. అంటే ముందువైపు అంతా మంచిది, నేరమేదున్నా వెనకవైపే. తమ కారుకి ఇదే జబ్బున్నవాళ్ళకి ఇంతకంటె సులువైన పరీక్ష లేదు, కాని మేస్త్రి లేకుండా ఇంట్లో చెయ్యకండి. చల్లని ఇంజను మీద, ఆరుబయట, దీపమూ బీడీ దరిదాపుల్లో లేకుండా చెయ్యవలసిన పని. గొట్టం నోట పెట్టుకుని పెట్రోలు పీల్చే అలవాటు కొందరికుంది. ఒక్క గుక్క ఊపిరితిత్తుల్లోకి పోతే ఆసుపత్రే.

వెనకవైపు వెదికితే టాంకీకీ ఇనపగొట్టానికీ మధ్యనున్న రబ్బరుముక్క సన్నగా పగిలింది. పెట్రోలు కారదు గనక కంటికి కనబడదు. కాని లాగేటప్పుడు గాలి పీలుస్తుంది. పైన చిల్లుపడ్డ గొట్టంతో కొబ్బరిబొండాం తాగి చూడండి, తెలుస్తుంది. అది మార్చాడు. వైటాన్ అనే రకం రబ్బరు ఇథనాలుకి తట్టుకుంటుందట. డయాఫ్రానికి కూడా ఆ రకమే అడిగి తెచ్చుకోమన్నాడు. ఆఖరున నాలుగో పంపు విప్పి కింద ప్యాకింగు చూశాడు. పంపుకీ ఇంజనుకీ మధ్య వేడి ఎక్కకుండా ఒక మందపాటి బిళ్ళ ఉంటుంది. తొందరలో దాన్ని పారేసి రెండు కాగితం ప్యాకింగులు పెట్టేవాళ్ళున్నారు. బిళ్ళ పోతే వేడి ఎక్కుతుంది, మీట లోపలికి ఎక్కువ దిగి డయాఫ్రాన్ని హద్దుమీరి లాగుతుంది. మందం ఎక్కువైతే మీట చాలినంత కదలదు. ఇక్కడ బిళ్ళ సరిగ్గానే ఉంది. బిగించినవాడు షెడ్డు కుర్రవాడు. "పని శుభ్రంగా చేశాడండీ" అన్నాడు మేస్త్రి.

మావయ్య ఏమీ అనలేదు. పాతమూత అటక మీద దొరికింది. రెండోరోజు పొద్దున్నే కారు తనే తోలుకుని వీధిచివర షెడ్డుకి వెళ్ళి, నలుగురూ ఉండగా, ఇంజనాయిలు మార్చమని ఆ కుర్రవాడికే అప్పగించి, పక్కన బల్ల మీద కూర్చుని పేపరు చదువుకున్నాడట. కిందటి నెల అత్తయ్యని గుంటూరు తీసుకెళ్ళి వచ్చారు. రెండో పంపు డిక్కీలో ఉంది, అవసరానికి.

2000 ప్రాంతం నుంచి వచ్చిన కార్లున్నవాళ్ళు ఇదంతా మాకు పట్టదనుకుంటారేమో. వాటిలో పంపు టాంకీలోపలే మునిగి ఉండే కరెంటు పంపు. తాళం తిప్పగానే వెనకసీటు కిందనుంచి రెండు క్షణాలు సన్నగా జుయ్యిమంటుంది, అదీ దాని ఉనికి. పాతదానికి మూడు నాలుగు పౌండ్ల ఒత్తిడి చాలు, దీనికి నలభై పైచిలుకు కావాలి. ఇది మాటిమాటికీ పోతూంటే చూడవలసినవి వేరు. దీన్ని చల్లబరిచేది దాని చుట్టూ ఉండే పెట్రోలే. ఎప్పుడూ ఎర్రదీపం వెలిగేదాకా తోలేవాళ్ళ పంపు వేడెక్కి తొందరగా పోతుంది. ఫిల్టరు మూసుకుంటే గట్టిగా నెట్టి నెట్టి అలిసిపోతుంది. పంపుకి వచ్చే వైర్ల కొసలు కాలినా, నేలవైరు తుప్పుపట్టినా, కొత్త పంపుకి కూడా చాలినంత కరెంటు అందక పాతదానిలాగే పోతుంది. కనక మెకానిక్కు కొత్త పంపు పెట్టె విప్పేముందు, పాతపంపు దగ్గిరికి వచ్చే వైర్ల మీద, ఇంజను నడుస్తూండగా, మీటరు పెట్టి ఎన్ని వోల్టులొస్తున్నాయో చూడమనండి. బ్యాటరీ దగ్గిర ఉన్నదానికి ఒక వోల్టుకి మించి తగ్గితే ముందు వైర్లు, తరవాతే పంపు.